‘కంప్యూటర్ కీ’కి డూప్లికేట్ చేయలేరా? మెయిన్ డోర్ సిలిండర్ మార్చేముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొండాపూర్‌లో మీ ఫ్లాట్ మూడేళ్లు అద్దెకిచ్చారు. ఖాళీ చేసినవాళ్లు మూడు తాళంచెవుల్లో రెండే తిరిగిచ్చి, ఒకటి పోయిందన్నారు. ఈ మూడేళ్లలో పనిమనిషి, కార్పెంటర్, పెయింటర్ ఇలా ఎంతమంది చేతుల్లోకి చెవి వెళ్లిందో మీకు తెలియదు. వచ్చే నెల అమ్మానాన్నలు అక్కడికి మారుతున్నారు. తాళం మొత్తం మార్చాలా, డూప్లికేట్ చేయడానికి వీల్లేని సిలిండర్ అంటూ ఉంటుందా, షాపులో చూపించిన ‘కంప్యూటర్ కీ’ని నమ్మొచ్చా, డిజిటల్ లాక్ పెట్టుకోవచ్చా?

నేను 27 ఏళ్లుగా రాణీగంజ్‌లో తాళాల పనిలో ఉన్నాను. సూటిగా చెప్పేస్తాను. మీది సిలిండర్ ఉన్న మార్టిస్ లాక్, అంటే తలుపు మందంలోనే ఇమిడి ఉండే తాళం కాబట్టి మొత్తం పీకక్కర్లేదు, చెవి పెట్టి తిప్పే భాగమైన సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు. కొత్తది కొనేటప్పుడు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘దీనికి ఇంకో చెవి కావాలంటే ఎక్కడ చేయించుకోవాలి?’ ‘ఎక్కడైనా చేసిస్తారండీ’ అని జవాబు వస్తే, అది ఎంత ఖరీదైన తాళమైనా మీ సమస్య తీరదు.

ఎందుకో అర్థం కావాలంటే సిలిండర్ లోపలికి ఒకసారి తొంగిచూడాలి. మన ఇళ్లలోని సిలిండర్లలో ఎక్కువ భాగం, 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి నుంచి వచ్చినవే. లోపల గుండ్రంగా తిరిగే ముక్క ఒకటుంటుంది, దాన్ని ప్లగ్ అంటాం. దానిలోకి సన్నటి పిన్నులు స్ప్రింగుల ఒత్తిడితో దిగి, తిరగనీయకుండా పట్టుకుని ఉంటాయి. ప్రతి పిన్నూ రెండు ముక్కలు. చెవి పెట్టగానే దాని గాట్లు ఒక్కో పిన్నును ఒక్కో ఎత్తుకు లేపుతాయి. అన్ని పిన్నుల అతుకులూ ప్లగ్ అంచు దగ్గర ఒకే వరసలోకి వచ్చాయంటే ప్లగ్ తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అంటే మీ తాళంచెవిలో ఉన్న రహస్యమంతా ఐదారు ఎత్తులే. వాటిని ఐదారు అంకెలుగా కాగితం మీద రాసుకోవచ్చు.

ఆ అంకెలు దొరికించుకోవడం పెద్ద పనేం కాదు. సబ్బు ముక్క మీద అచ్చు తీసేవాళ్లని మా నాన్న కాలం నుంచీ చూస్తున్నాం. ఇప్పుడు అంత శ్రమ కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు. అంకెలు దొరికాక మిగిలేది ఒకటే: వాటిని చెక్కడానికి సరిపోయే బ్లాంక్, అంటే ఇంకా గాట్లు పడని ఖాళీ చెవి. మామూలు తాళాల బ్లాంకులు ఫుట్‌పాత్ మీద చెవులు చేసేవాళ్ల దగ్గర గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. అడిగినవాళ్లకి పది నిమిషాల్లో చేసిస్తారు. ఎవరిదని అడగరు, అడగాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు కూడా.

ఇప్పుడు మీ ‘కంప్యూటర్ కీ’ సంగతి. అంచున గాట్లు కాకుండా, చదునైన ముఖం మీద చిన్న చిన్న గుంటలుండే చెవిని మన దగ్గర అలా పిలుస్తున్నారు. అందులో చిప్ ఉండదు, కంప్యూటర్‌తో సంబంధం లేదు. దాని అసలు పేరు డింపుల్ కీ. స్విట్జర్లాండ్‌లో కాబా కంపెనీ 1934లోనే తెచ్చిన పద్ధతి ఇది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గుంటలు చెక్కే మెషీన్ అరుదు కాబట్టి ‘దీనికి డూప్లికేట్ కాదు’ అని చెబితే చాలామటుకు నిజమయ్యేది. ఇప్పుడు ఆ మెషీన్లు మామూలైపోయాయి, పేరున్న కంపెనీల డింపుల్ బ్లాంకులకు నకళ్లు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. డింపుల్ కీ వల్ల వేరే లాభాలున్నాయి: ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, అరుగుదల తక్కువ. డూప్లికేట్ చేయలేరన్న భరోసా మాత్రం ఆ గుంటల వల్ల రాదు.

చెవి మీద ‘డు నాట్ డూప్లికేట్’ అని చెక్కి ఉంటే? అదీ అంతే. చేసేవాడు చూసి ఆగితే ఆగినట్టు, లేకపోతే లేదు. అలాంటి ముద్రతో వచ్చే భద్రత ఉత్త భ్రమేనని అమెరికాలోని తాళాల పనివాళ్ల సంఘమే చెబుతుంది.

మరి నిజంగా ఆపేది ఏది? బ్లాంక్ బయట దొరక్కుండా చేయడం. హై సెక్యూరిటీ సిలిండర్లు చేసే కంపెనీలు చెవి ఆకారానికి, అది లోపల పనిచేసే తీరుకి పేటెంట్ తీసుకుంటాయి. వేరేవాళ్లు ఆ బ్లాంక్ తయారు చేస్తే కోర్టుకు లాగొచ్చు. కంపెనీ తన బ్లాంకులను ఒప్పందం ఉన్న డీలర్లకే ఇస్తుంది. సిలిండర్‌తో పాటు మీ చేతికి ఒక కార్డు వస్తుంది, దాని మీద కోడ్ ఉంటుంది. కొత్త చెవి కావాలంటే ఆ కార్డు చూపించాలి, సంతకమో గుర్తింపో ఇవ్వాలి, అప్పుడు చేసిస్తారు. మీరు వేలు పోసి కొనేది ఈ ఏర్పాటునే. స్టీలు, ఇత్తడి తర్వాతి సంగతి.

పేటెంట్‌కి ఒక గడువుంది, సేల్స్‌వాళ్లు దాన్ని చెప్పరు. మన దేశంలోనూ, చాలా దేశాల్లోనూ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లే. ఆ తర్వాత ఆ బ్లాంక్‌ను ఎవరైనా పోతపోసుకోవచ్చు. అందుకే ఒకే కంపెనీ పదిహేనూ ఇరవై ఏళ్లకోసారి పాత మోడల్‌కి చిన్న మార్పు చేర్చి కొత్త పేరుతో తెస్తూ ఉంటుంది. మీరు కొనే మోడల్ పేటెంట్ ఏ సంవత్సరం వరకు ఉందో అడగండి. మంచి కంపెనీలు క్యాటలాగ్‌లోనే రాస్తాయి. ఇంకో రెండేళ్లలో ముగిసేదాన్ని డిస్కౌంట్‌లో ఇస్తున్నామంటే తీసుకోకండి.

లోపలి పనితనంలో తేడాలు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అమెరికాలో 1968లో మొదలైన మెడెకో కంపెనీ చెవి గాట్లను ఏటవాలుగా కోస్తుంది. అందువల్ల పిన్ను పైకి లేవడంతో పాటు సరైన కోణానికి తిరగాలి కూడా. రెండూ కుదిరితేనే పక్కనున్న అడ్డు కడ్డీ లోపలికి జరుగుతుంది. ఇజ్రాయెల్‌కు చెందిన మల్-టి-లాక్ సిలిండర్‌లో పిన్ను లోపల ఇంకో పిన్ను ఉంటుంది, రెండూ వేర్వేరు ఎత్తులకు రావాలి. ఫిన్లాండ్ వాళ్ల అబ్లాయ్‌లో పిన్నులూ స్ప్రింగులూ ఉండవు. 1907లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన పద్ధతిలో వరసగా పేర్చిన బిళ్లలు తిరుగుతాయి. స్ప్రింగులే లేవు కాబట్టి, బంప్ కీ పెట్టి తట్టి తెరిచే చిట్కా దాని ముందు పనిచేయదు. ఆస్ట్రియా కంపెనీ ఎవ్వా అయితే ఒక మోడల్‌లో చెవిలోనే చిన్న అయస్కాంతాలు పెట్టింది. అవి సిలిండర్‌లోని అయస్కాంతాలను సరైన దిశకు తిప్పాలి.

ఇందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. చెవి ఎంత వింత ఆకారంలో ఉన్నా, అది కదలని లోహపు ముక్కే అయితే దాన్ని కొలిచి మళ్లీ చేయొచ్చు. 2013లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో దీన్ని చేసి చూపించారు. ష్లేగ్ కంపెనీ ప్రైమస్ అనే తాళానికి బ్లాంకులు బయట దొరకవు, చెవి పక్కన అదనపు గాట్లు కూడా ఉంటాయి. ఆ విద్యార్థులు సాఫ్ట్‌వేర్ రాసి, బ్లాంక్‌తో పని లేకుండా చెవి మొత్తాన్ని త్రీడీ ప్రింటర్‌లో తీశారు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లకి చెవిలోనే కదిలే భాగం ఉన్న మోడళ్లు చూడమంటున్నాను. మల్-టి-లాక్ ఇంటరాక్టివ్ చెవిలో స్ప్రింగ్ మీద కదిలే చిన్న పిన్ను ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకొస్తుంది. సబ్బు అచ్చుతో గానీ, పోతతో గానీ ఆ కదలిక రాదు. ప్రింట్ చేయడం అసాధ్యమని అనను, కానీ ఫుట్‌పాత్ మీద పది నిమిషాల్లో అయ్యే పని మాత్రం కాదు.

ఫోన్ అన్నాను కదా, దాని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 2008లో అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు దాదాపు 60 మీటర్ల దూరంలోని డాబా మీద నుంచి, టేబుల్ మీద పడి ఉన్న తాళంచెవుల ఫొటో తీసి, ఆ ఫొటోలోంచి గాట్ల కొలతలు లెక్కగట్టారు. అక్కడి విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ చేసే టీఎస్ఏ సంస్థ సూట్‌కేసులు తెరవడానికి వాడే మాస్టర్ చెవుల ఫొటో 2014లో వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. మరుసటి ఏడాదికి వాటిని త్రీడీ ప్రింట్ చేసుకునే ఫైళ్లు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అమెరికా వెళ్లే మనవాళ్ల సూట్‌కేసులకు ఉండే ఎర్ర గుర్తు తాళాలు ఆ చెవులతో తెరుచుకునేవే. ఇక మన దగ్గర గృహప్రవేశం రోజున బిల్డర్ తాళంచెవి అందిస్తుంటే అందరూ నవ్వుతూ దిగిన ఫొటో, చెవి కెమెరా వైపు తిప్పి మరీ, సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. నేను ఎంతమందికి ఫోన్ చేసి తీయించానో. శుభకార్యం ఫొటో పెట్టుకోండి, చెవిని గుప్పిట్లో మూసి పట్టుకోండి. చెవితో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ ట్యాగ్ మీది నంబర్ కూడా అంతే, చాలా తాళాలకు ఆ నంబర్ ఉంటే చెవి చేసేయొచ్చు. దాన్ని తీసి కార్డుతో పాటు బీరువాలో పెట్టండి. కార్డు, చెవి ఒకే పర్సులో పెట్టుకుంటే ఈ ఏర్పాటుకి అర్థం లేకుండా పోతుంది.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. పదేళ్ల కిందట ఒక రిటైర్డ్ టీచర్‌గారు మా షాపుకి వచ్చారు. ఇంట్లో రెండుసార్లు డబ్బు పోయింది. తలుపు, తాళం చెక్కుచెదరలేదు. పదకొండేళ్లుగా చేస్తున్న పనిమనిషిని మాన్పించేశారు. చెవులు బల్ల మీద పెట్టమని, ఒక్కొక్కటీ దీపం కింద లెన్స్‌తో చూశాను. మూడింటిలో రెండు ఒకే రంగులో, జేబు రాపిడికి నునుపుగా ఉన్నాయి. మూడోదాని చదునైన ముఖం మీద మెషీన్ పట్టు కోరలు నొక్కిన అడ్డ గీతలు. గాట్ల వాలు వెంట, పాత మసక ఇత్తడి మీద ఒక సన్నటి మెరిసే గీత మొదటి నుంచి చివరి దాకా. నకలు తీసేటప్పుడు మెషీన్ పుల్ల అసలు చెవి గాట్ల మీద నడిచిన దారి అది. ‘దీనికి మీరెప్పుడైనా డూప్లికేట్ చేయించారా అండీ?’ అంటే లేదన్నారు. ఆ చెవి ఇంట్లో ఒక డబ్బాలో ఉండేదట. ఫాల్స్ సీలింగ్ పని జరిగినప్పుడు నాలుగు రోజులు పనివాళ్లకి ఇచ్చారట. ఎవరు చేయించారో ఆ గీత చెప్పదు. కానీ పనిమనిషి చేతికి ఆ చెవి ఎప్పుడూ వెళ్లలేదు, ఆవిడకు ఇచ్చింది వేరే చెవి. మాస్టారు ఆవిడ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగారు. ఆవిడ తిరిగి పనికి రాలేదు.

చెవుల లెక్క తెలియని ఇంట్లో ఏదైనా పోతే అనుమానం అందరికంటే ముందు పనివాళ్ల మీదికే పోతుంది. కార్డు ఉన్న సిలిండర్ అయితే మొత్తం చెవులు ఐదంటే ఐదే. ఎవరి దగ్గర ఏది ఉందో చెప్పగలరు. ఆ లెక్క మీ ఆస్తికి ఎంత కాపలానో, మీ ఇంట్లో పనిచేసేవాళ్ల పరువుకీ అంతే.

డూప్లికేట్ చెవితో జరిగిన దొంగతనానికి ఇంకో తలనొప్పి ఉంది. తాళం పగలదు కాబట్టి బీమా దగ్గర ఇబ్బంది వస్తుంది. బర్గలరీ పాలసీల్లో చాలావాటిలో బలప్రయోగంతో లోపలికి చొరబడినట్టు ఆనవాలు ఉండాలని రాసి ఉంటుంది. పాలసీలో ఆ షరతు ఉంటే దానికి కట్టుబడాల్సిందేనని 2004లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ పాలసీలో ఆ వాక్యం ఎలా ఉందో ఒకసారి చదవండి.

షాపులో డబ్బా మీద ఏం చూడాలి? ఐరోపా ప్రమాణం ఈఎన్ 1303 అని ఉంటే, దాని పక్కన ఎనిమిది గళ్ల కోడ్ ఉంటుంది. ఏడో గడి చెవి భద్రత, 1 నుంచి 6 దాకా. 6 ఉంటే ఆ మోడల్‌లో కనీసం లక్ష రకాల వేర్వేరు చెవులు సాధ్యమని లెక్క, 3 అయితే 15,000. చివరి గడి డ్రిల్లింగ్, విరగ్గొట్టడం లాంటి దాడులను తట్టుకునే శక్తి. కానీ ఈ కోడ్‌లో ఎంత మంచి అంకె ఉన్నా, బ్లాంక్ బయట దొరుకుతుందా లేదా అనేది అది చెప్పదు. అమెరికా ప్రమాణాల్లో యూఎల్ 437 కూడా పికింగ్ (చెవి లేకుండా సన్నటి పుల్లలతో తెరవడం), డ్రిల్లింగ్ వంటివే పరీక్షిస్తుంది. ఏఎన్ఎస్ఐ, బీహెచ్ఎంఏ వాళ్ల ఏ156.30లో మాత్రం చెవి నకళ్ల అదుపుకి విడిగా ఒక విభాగం ఉంది. మన మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేది మాత్రం ఐరోపా కోడే, కాబట్టి డబ్బా చూశాక కూడా ఆ మొదటి ప్రశ్న అడగాల్సిందే. పైన చెప్పిన విదేశీ మోడళ్లు అన్ని షాపుల్లో స్టాక్ ఉండవు, డీలర్ ద్వారా తెప్పించుకోవాలి. నెల టైం ఉంది కాబట్టి ఇప్పుడే ఆర్డర్ పెట్టండి. అంత ఖర్చు వద్దనుకుంటే మన దేశీ కంపెనీల్లో కూడా కార్డుతో వచ్చే సిలిండర్లు అడిగి చూడండి.

కొలత ఇలా తీసుకోండి. తలుపు తెరిచి దాని మందం వైపు చూస్తే, లాక్ పట్టీ మీద గడియ కింద ఒక పొడవాటి స్క్రూ కనిపిస్తుంది. అది విప్పి, చెవి పెట్టి కొద్దిగా, గడియారంలో రెండు మూడు నిమిషాలంత తిప్పితే మధ్యలోని నాలుక సిలిండర్‌తో సమంగా వస్తుంది. అప్పుడు సిలిండర్ మొత్తం బయటికి లాగేయొచ్చు. స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు వైపులా విడివిడిగా కొలవండి. రెండు వైపులా 35 వస్తే అది 70 మిల్లీమీటర్ల సిలిండర్. టేకు తలుపులు మందంగా ఉంటాయి, పైన డెకరేటివ్ ప్లేటు కూడా ఉంటే ఒక వైపు 40 రావచ్చు. బయటి వైపు ప్లేటు కంటే 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు పొడుచుకు రాకూడదు. వస్తే పట్టకారుతో పట్టి విరిచేస్తారు. ఆ స్క్రూ రంధ్రం దగ్గరే సిలిండర్ సన్నగా ఉంటుంది, అక్కడే విరుగుతుంది. ఇంగ్లాండ్‌లో ఈ రకం దొంగతనాలు బాగా పెరిగాకే బయటి ముక్క మాత్రమే విరిగి, లోపలిది బిగుసుకుపోయే సిలిండర్లు వచ్చాయి.

మీ అమ్మానాన్నల కోసం ఒక మాట. లోపలి వైపు కూడా చెవితోనే తెరిచే సిలిండర్ పెట్టకండి, రాత్రిపూట కంగారులో చెవి వెతుక్కోవాల్సి వస్తుంది. లోపల నాబ్ ఉన్నది తీసుకోండి. ఏ కారణం చేతనైనా రెండు వైపులా చెవి ఉన్నదే కావాలంటే, లోపల చెవి పెట్టి వదిలేసినా బయటి నుంచి ఇంకో చెవితో తెరవగలిగేది అడగండి, ఎమర్జెన్సీ ఫంక్షన్ అంటారు. పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో పడిపోతే తలుపు పగలగొట్టాల్సిన అవసరం రాదు.

ఇంటీరియర్ పని మిగిలి ఉంటే పాత సిలిండర్‌నే ఉంచి పని పూర్తయ్యాక కొత్తది వేయండి. లేదా మల్-టి-లాక్ వాళ్ల త్రీ ఇన్ వన్ లాంటిది చూడండి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చెవులు వస్తాయి. ఆకుపచ్చది పోయిందనుకోండి, పసుపు చెవి పెట్టి తిప్పగానే సిలిండర్ మారిపోయి ఆకుపచ్చవి పనిచేయడం మానేస్తాయి. తర్వాత ఎరుపు కూడా అలాగే. అద్దెకిచ్చే ఇళ్లకి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు నేను చూడలేదు.

డిజిటల్ లాక్ గురించి కూడా అడిగారు. పెట్టుకోండి, నంబర్ మార్చుకోవచ్చు కాబట్టి చెవుల బెంగ తగ్గుతుంది. అయితే చాలా మోడళ్లలో బ్యాటరీ అయిపోతే వాడుకోవడానికి కింద ఒక మూత వెనక మామూలు సిలిండర్ దాచి ఉంటుంది. దానికిచ్చే చెవి చూడండి, చాలాసార్లు చవక రకమే ఉంటుంది. ముందున్న వేలిముద్రల హంగంతా దాటుకుని దొంగ నేరుగా అక్కడికే వెళ్తాడు.

బిగించే రోజు సిలిండర్ ప్యాకెట్ సీల్ మీ ఎదుటే తీయించండి. చెవులు లెక్కపెట్టి మీరే తీసుకోండి, కార్పెంటర్ చేతికి ఒక్కటే ఇవ్వండి. తలుపు తెరిచి ఉంచి ప్రతి చెవినీ నాలుగైదుసార్లు తిప్పి చూడండి, తర్వాతే మూయండి. ఏ చెవి ఎవరికిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో ఒక నోటు పుస్తకంలో రాయండి.

కొలతలు తీశాక సిలిండర్ ఫొటో, తలుపు మందం ఇక్కడే పెట్టండి, ఏ సైజు ఆర్డర్ చేయాలో చెప్తాను. ఫొటోలో చెవి మాత్రం పడకుండా చూసుకోండి.